ఏడీహెచ్‌డీకి ఉత్తేజపరిచే మందు ఇస్తే పిల్లలు ఎలా కుదురుకుంటారు?

ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య. దానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్తేజపరిచే మందు పిల్లల్ని మత్తులో పెట్టదు. తమను తాము అదుపు చేసుకునే మెదడు భాగం బాగా పనిచేసేలా చేస్తుంది, అందుకే వాళ్లు కుదురుగా కనిపిస్తారు.

అసలే నిలకడ లేని పిల్లలకు ఉత్తేజపరిచే మందేమిటన్న అనుమానం సహజమే. నుదుటి వెనుక ఉండే ఆ భాగానికి డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు తగినంత అందాలి. నాడీకణాలు వాటిని విడుదల చేసి, మళ్లీ వెనక్కి పీల్చుకుంటాయి. ఈ మందు ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది. దాంతో అవి ఇంకాస్త సేపు నిలిచి పనిచేస్తాయి.

ఉదాహరణకు, లెక్క చేస్తుండగా బయట ఏదో చప్పుడైంది. లేచి పరుగెత్తాలని అనిపించినా పిల్లవాడు ఆగగలుగుతాడు, మళ్లీ లెక్క మీదికి రాగలుగుతాడు. త్వరగా పనిచేసే రకమైతే ప్రభావం సుమారు 4 గంటలు ఉంటుంది.

చాలామంది పొరపడేది ఒక్కచోట: మందు పనిచేసిందంటే ఏడీహెచ్‌డీ ఉన్నట్టేనని. అది తప్పు. ఆ సమస్య లేనివారిలో కూడా కాసేపు ఏకాగ్రత పెరగవచ్చు. కాబట్టి వేరొకరి మాత్ర వేసి చూసి తేల్చుకోవాలని దయచేసి అనుకోకండి. గుండె వేగం, రక్తపోటు పెరగవచ్చు. మందు మొదలుపెట్టాక పిల్లవాడు మందకొడిగా మారితే మాత్రం మోతాదు ఎక్కువైందేమోనని డాక్టర్‌కు వెంటనే చెప్పాలి.