కార్డులో 50 యూరోలు పోయాయి, ఇప్పుడు చలానా కూడా వచ్చింది: కట్టాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. రిటైర్డ్ ఉద్యోగిని. నిరుడు జూన్‌లో నేనూ మా ఆవిడా ఇటలీ వెళ్లాం. ఫ్లారెన్స్‌లో కారు అద్దెకు తీసుకుని సియెనా దాకా నేనే నడిపాను. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంది. ఆగస్టులో ఆ అద్దె కంపెనీ నా క్రెడిట్ కార్డు నుంచి 50 యూరోలు తీసుకుంది. ఏదో ఫైన్ అయ్యుంటుంది, పీడా పోయింది అనుకున్నాను. మొన్న సోమవారం ఇటలీ నుంచి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. 90 లిమిట్ ఉన్నచోట 112 మీద వెళ్లానట. 173 యూరోలు, పైన పోస్టు ఖర్చులు కట్టాలట. ఒకే తప్పుకు రెండుసార్లు కట్టాలా? తొమ్మిది నెలల తర్వాత పంపితే చెల్లుతుందా? కట్టకపోతే నా లైసెన్సుకో పాస్‌పోర్టుకో ఇబ్బంది వస్తుందా? పొద్దున్న బీచ్‌రోడ్డులో నడకకు వచ్చే మిత్రులు ‘చించి పారెయ్’ అంటున్నారు.

జవాబు: చించకండి. ముఖ్యంగా ఆ కవరు. లోపలి కాగితం ఎంత ముఖ్యమో కవరూ అంతే. ఇటలీ పోస్టాఫీసులో దాన్ని ఏ రోజున వేశారో ఆ ముద్ర మీద ఉంటుంది. మీ ఇంట్లో ఎవరు ఏ రోజు సంతకం పెట్టి తీసుకున్నారో ఆ తేదీ కూడా పెన్నుతో దాని మీదే రాసి పెట్టుకోండి. గడువులన్నీ ఈ రెండు తేదీల చుట్టూనే తిరుగుతాయి. వాటిలో ఒకటి ఐదు రోజులే కాబట్టి, మీ ఉత్తరం చూసిన రోజే ఫోన్ చేసి అసలు విషయం చెప్పేశాను. మిగతావాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ 50 యూరోల సంగతి. ఇలాంటి కేసు నా దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఇదే పొరపాటు కనిపిస్తుంది. అది జరిమానా కాదు. కెమెరా ఫొటో తీసేది నంబర్ ప్లేటును. ఆ నంబరుకు ఓనరు అద్దె కంపెనీ. పోలీసులు కంపెనీకి రాస్తారు, ఆ రోజు ఆ గంటకు కారు ఎవరి చేతిలో ఉందో కంపెనీ చెబుతుంది. మీ పేరు, చిరునామా అలా చేరాయి. వివరాలు పంపిన పనికి కంపెనీ తీసుకున్న సర్వీసు చార్జీ అది. అసలు జరిమానా విడిగా, ఆలస్యంగా వస్తుంది. అద్దె ఒప్పందంలో ఈ చార్జీ గురించి ఒక క్లాజు ఉంటుంది. పక్కన సూట్‌కేసులు, వెనక క్యూ, చేతిలో కంపెనీవాడి ట్యాబ్. నాలుగుచోట్ల వేలితో సంతకం చేసి ఉంటారు. అందులో అదొకటి. కాబట్టి ఒకే తప్పుకు రెండు ఫైన్లు అనే వాదన నిలవదు. మీ ఒప్పందం కాపీలో ఆ క్లాజు నిజంగా లేకపోతే మాత్రం బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ 50 యూరోల కోసం వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగమని నేను చెప్పను.

దానికంటే అక్కరకొచ్చే పని ఒకటి ఉంది. ఆ ప్రయాణం తర్వాత ఏడాది పాటు వచ్చిన కార్డు స్టేట్‌మెంట్లు తీసి చూడండి. అదే కంపెనీ పేరుతో కోత ఒక్కటే ఉందా, రెండు మూడు ఉన్నాయా? మామూలుగా పోలీసుల నుంచి కంపెనీకి వచ్చే ఒక్కో నోటీసుకు ఒక్కో కోత పడుతుంది. రెండు కోతలుంటే రెండో కవరు దారిలో ఉందనుకోండి. ఫ్లారెన్స్ పాత ఊళ్లోకి పర్మిషన్ లేని కార్లను రానివ్వరు. అక్కడా కెమెరాలున్నాయి. హోటల్ వెతుక్కుంటూ తెలియక లోపలికి వెళ్లి చలానా తెచ్చుకున్న మనవాళ్లు చాలామంది.

తొమ్మిది నెలలు ఆలస్యమైతే చెల్లదా అంటే, చెల్లుతుంది. ఇటలీ రోడ్డు చట్టం ప్రకారం ఆ దేశంలో ఉండేవాళ్లకు నోటీసు 90 రోజుల్లో పంపాలి. విదేశాల్లో ఉండేవాళ్లకు 360 రోజులు గడువు. పోలీసులకు ఈ లెక్క వాళ్లు పోస్టులో వేసిన తేదీతో తెగుతుంది. మీ గడువులేమో మీ చేతికి అందిన తేదీ నుంచి మొదలవుతాయి. కవరు దాచమన్నది ఇందుకే. పైగా అద్దె కారు విషయంలో, మీ వివరాలు పోలీసులకు తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని వాళ్లు వాదిస్తారు. మీ కేసులో ఎలా లెక్కపెట్టినా గడువు దాటలేదు.

ఇక లోపలి కాగితం. భాష రాకపోయినా అంకెలు చదవొచ్చు. ఏ రోడ్డు, ఎన్నో కిలోమీటరు, తేదీ, టైము, లిమిట్ ఎంత, కెమెరా చూపిన స్పీడు ఎంత, తగ్గించాక ఎంత అని ఉంటాయి. ఈ ‘తగ్గించాక’ అన్నది చాలామంది గమనించరు. మిషన్‌లో తేడా ఉండొచ్చని కొలిచిన స్పీడులోంచి 5 శాతం తీసేస్తారు, ఎంత తక్కువైనా 5 కిలోమీటర్లు తీయాలి. మీ 112లోంచి 5.6 పోతే 106.4. లిమిట్ కంటే 16.4 ఎక్కువ. 10 నుంచి 40 కిలోమీటర్ల లోపు దాటితే కనీస జరిమానా 173 యూరోలు. లెక్క సరిపోయింది. మీరు 104 మీద వెళ్లి ఉంటే తీసివేత తర్వాత 98.8 అయ్యేది, పది లోపు పడేది, 42 యూరోలతో పోయేది. అంచు మీద ఉన్నవాళ్లు ఈ కూడికలు తీసివేతలు తప్పక చేసుకోవాలి. 40 దాటితే కథ వేరు. అక్కడ డబ్బుతో పాటు లైసెన్సు సస్పెన్షన్ కూడా ఉంటుంది, ముందే కడితే ఇచ్చే తగ్గింపు ఉండదు.

ఆ తగ్గింపే మీకు ముఖ్యం. నోటీసు అందిన ఐదు రోజుల్లో కడితే జరిమానాలో 30 శాతం తగ్గిస్తారు. అంటే 121 యూరోల 10 సెంట్లు, దాని మీద పోస్టు ఖర్చులు. ఐదు దాటి 60 రోజుల లోపు అయితే 173. అరవై దాటితే గరిష్ఠ జరిమానా అయిన 694లో సగం, అంటే 347. మనకు అలవాటైన పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఫొటో కొడతారు, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, ‘ఎప్పుడో డిస్కౌంట్ ఇస్తారులే’ అని ఊరుకుంటాం. పక్కన తెలంగాణలో 2022లో, మళ్లీ 2023 డిసెంబరులో పాత చలాన్లకు భారీగా తగ్గించారు. ఆగినవాడికే లాభం అని జనానికి పాఠం నేర్పినట్టయింది. ఇటలీలో ఆగినవాడికి రెట్టింపు.

కట్టకపోతే ఏమవుతుంది? మీ మిత్రులు చెప్పినదాంట్లో సగం నిజముంది, అది దాచను. రెండు దేశాల మధ్య ప్రత్యేక ఏర్పాటు లేకపోతే, ఒక దేశం వేసిన జరిమానాను ఇంకో దేశపు కోర్టు వసూలు చేసిపెట్టదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద కొన్ని దేశాల కోర్టు డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు. ఇంగ్లండ్, సింగపూర్, 2020 నుంచి యూఏఈ ఆ జాబితాలో ఉన్నాయి. ఇటలీ లేదు. ఉన్న దేశాలకైనా పన్నులు, జరిమానాలు ఆ సెక్షన్ కిందికి రావని అందులోనే రాసి ఉంది. కాబట్టి మన జిల్లా కోర్టు నుంచి అమీనా మీ గేటు తట్టడు. మన మోటారు వాహనాల చట్టం మన దేశపు రోడ్లకే, మాధవధార రవాణా శాఖ ఆఫీసులో మీ లైసెన్సు మీద మచ్చ పడదు. పాస్‌పోర్టు చట్టంలో స్వాధీనం చేసుకోవడానికి చెప్పిన కారణాల్లో శిక్ష పడటం, క్రిమినల్ కేసు నడవడం ఉన్నాయి గానీ, అవి భారతదేశపు కోర్టుల్లో అయితేనే. ఇటలీ లాంటి ఐరోపా దేశాలకు తీసుకునే షెంగెన్ వీసా ఫారంలో ట్రాఫిక్ జరిమానా గురించి ప్రశ్న కూడా లేదు.

అయినా కట్టమనే నా సలహా. బాకీ ఐదేళ్ల దాకా బతికే ఉంటుంది, మధ్యలో పద్ధతి ప్రకారం నోటీసు ఇస్తే ఆ ఐదేళ్లు మళ్లీ మొదలవుతాయి. వసూలు ఏజెన్సీల ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, ఒక్కో ఉత్తరంలో అంకె పెరుగుతుంది. మళ్లీ ఆ దేశం వెళ్లాలనుకున్నప్పుడు ఈ టెన్షన్ వెంట తీసుకెళ్లడం ఎందుకు? 112 మీద వెళ్లిన మాట మీరే ఉత్తరంలో కాదనలేదు కూడా. ఇంకో కోణం: మీ స్థానంలో జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో ఉద్యోగం చేసే మీ అమ్మాయి ఉంటే, ‘చించి పారెయ్’ అన్న సలహా పూర్తిగా తప్పయ్యేది. ఐరోపా యూనియన్ దేశాలు 70 యూరోలు, ఆపైన ఉన్న జరిమానాలను ఒకరివి ఒకరు వసూలు చేసిపెట్టుకునే ఏర్పాటు చేసుకున్నాయి.

అప్పీలు గురించి కొందరు అడుగుతారు. దారులు రెండు. ఒకటి ప్రిఫెక్ట్‌కు, అంటే మన కలెక్టరు లాంటి అధికారికి, 60 రోజుల్లో రాతపూర్వకంగా పెట్టుకోవడం. ఫీజు లేదు గానీ, ఓడిపోతే కనీస జరిమానాకు రెట్టింపు తగ్గకుండా వేస్తారు. రెండోది ‘జూదిచే ది పాచే’ అనే చిన్న కోర్టు. విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడా 60 రోజులు, ఇలాంటి చిన్న మొత్తానికి ఫీజు 43 యూరోలు. కాగితాలన్నీ ఇటాలియన్‌లోనే. 2024 ఏప్రిల్‌లో ఇటలీ సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది: స్పీడ్ కెమెరాకు మంత్రిత్వ శాఖ ఆమోదం ఉంటే సరిపోదు, సాంకేతిక ధ్రువీకరణ వేరే ఉండాలి అని. దాన్ని పట్టుకుని అక్కడ చాలామంది చలాన్లు కొట్టించుకుంటున్నారు. సియెనాలో కాపురం ఉంటే మీకూ అదే చెప్పేవాణ్ని. విశాఖలో కూర్చుని 121 యూరోల కోసం అక్కడ వకీలును పెట్టుకోవడం, కోడి ధర కంటే మసాలా ఖర్చు ఎక్కువైనట్టు. ఒకసారి కట్టేస్తే అప్పీలు దారి మూసుకుపోతుంది, అప్పీలుకు వెళ్తే తగ్గింపు పోతుంది. రెండూ కుదరవు.

మా జూనియర్ ఒకడు ఇంకో పాయింటు తెచ్చాడు. విదేశీ కోర్టు కాగితాలు నేరుగా పోస్టులో పంపడానికి భారత్ ఒప్పుకోలేదు కదా, హేగ్ ఒప్పందంలో అభ్యంతరం చెప్పింది కదా అని. తెలివైన మాటే. కానీ ఆ ఒప్పందం సివిల్, వాణిజ్య వ్యవహారాల కోసం. పోలీసు జరిమానాకు దాన్ని అతికిస్తే అక్కడి అధికారి నవ్వి ఊరుకుంటాడు.

కట్టే పద్ధతి. నోటీసులో వెబ్‌సైటు చిరునామా, కేసు నంబరు ఉంటాయి. ఆ చిరునామా మీరే టైపు చేసుకోండి, మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకండి. లోపలికి వెళ్తే కారు నంబరు, తేదీ, స్థలం మీ ప్రయాణంతో సరిపోవాలి. సరిపోకపోతే ఆగిపోయి నోటీసు పంపిన పోలీసు విభాగానికి మెయిల్ పెట్టండి. కార్డుతో కట్టే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, చాలా కార్డుల్లో ఆఫ్‌లోనే ఉంటాయి. బ్యాంకు నుంచి పంపితే విదేశాలకు డబ్బు పంపడానికి ఇచ్చే ఎ2 ఫారం నింపాలి, మధ్య బ్యాంకుల చార్జీలన్నీ మీరే భరిస్తారని రాయాలి. లేదంటే 121 పంపితే అక్కడికి నూటపదో నూటపదిహేనో చేరుతుంది. తక్కువ చేరితే పూర్తిగా కట్టినట్టు కాదు. పంపిన రోజు కాదు, చేరిన రోజు లెక్క అనుకుని జాగ్రత్తపడండి. ఐదు రోజుల్లో అయ్యే పని కార్డుతోనే. రసీదు ప్రింటు తీసి కవరుతో కలిపి ఐదేళ్లు దాచండి.

నోటీసుతో పాటు డ్రైవరు వివరాలు అడిగే ఫారం ఒకటి ఉంటే అది కూడా 60 రోజుల్లో నింపి పంపాలి. పంపకపోతే దానికి వేరే జరిమానా ఉంది. అందులో మా ఆవిడ నడిపింది అనో, ఇంకెవరి పేరో రాస్తే బాగుంటుందని ఎవరైనా అంటే వినకండి. చిన్న జరిమానా కాస్తా తప్పుడు డిక్లరేషన్ అవుతుంది.

ఇదే వారం గాజువాక నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి అమెరికాలో, వర్జీనియాలో చదువుతున్నాడు. 70 మైళ్ల లిమిట్ ఉన్న హైవే మీద 88తో దొరికాడు. ‘టికెట్టే కదా, ఆన్‌లైన్లో కట్టేసి వదిలేయమన్నాను’ అన్నారు. అక్కడ అలా కుదరదు. వర్జీనియాలో లిమిట్ కంటే 20 మైళ్లు ఎక్కువైనా, లిమిట్ ఎంతున్నా 85 దాటినా అది ‘రెక్‌లెస్ డ్రైవింగ్’. ఇటలీ చలానాలా పరిపాలనా జరిమానా కాదు, క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ నేరం. చట్టంలో ఏడాది వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. అబ్బాయి చేతిలో ఉన్నది రసీదు కాదు, కోర్టు సమన్లు. తేదీకి వెళ్లకపోతే వారెంటు రావచ్చు. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో అరెస్టు, శిక్ష గురించి సూటిగా అడుగుతారు. ఆ కౌంటీ కోర్టులో రోజూ నిలబడే వకీలును కోర్టు తేదీకి ముందే పెట్టుకుని, తక్కువ నేరంగా మార్పించుకునే ప్రయత్నం చేయమని చెప్పాను. ‘మావాడు ఆ కాగితం ఎక్కడ పెట్టాడో అడుగుతాను’ అని ఫోన్ పెట్టేశారు. ఇంకా తిరిగి చేయలేదు.