జెండా పాట విన్నాక కాంటా దాకా ఆగు

బిడ్డా,

మండల విలేకరిగా చేరావని మీ బాపు ఫోన్లో చెప్పాడు. ఫిలాసఫీ చదివి పేపర్లో ఏం చేస్తుందని ఇంట్లో అంటున్నారట. అననీ. నీ న్యాయ దర్శనం (తర్కశాస్త్రం) నోట్సు మాత్రం పాతపేపర్లవాడికి వేయకు.

న్యాయ సూత్రాల గౌతముడు (బుద్ధుడు కాదు) చెప్పిన ప్రమాణాలు, అంటే నిజం తెలుసుకునే దారులు, నాలుగు: ప్రత్యక్షం (చూసింది, విన్నది), అనుమానం (ఒకదాన్ని బట్టి ఊహించింది), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగ్గ మనిషి మాట). ఉపమానంతో మనకు పెద్దగా పనిలేదు. వార్త పంపేముందు ప్రతి వాక్యం చూసిందా, ఊహించిందా, ఎవరన్నా చెప్పిందా అని గుర్తు పెట్టుకో.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌నే తీసుకో. పొద్దున జెండా పాటలో, అంటే ఆ రోజు మొదటి వేలంలో, తేజ రకం మిర్చికి పలికిన ధర నువ్వే వింటావు. అది ప్రత్యక్షం. కానీ ఆ ధర బాగా ఎండి, రంగున్న మేలు సరుకుది. దాన్ని పట్టుకుని ‘మిర్చి రైతుకు పండగే’ అని రాస్తే అది నీ అనుమానం. పాట పెరిగిన ప్రతిసారీ రైతులందరికీ అదే రేటు వస్తుందా? రాదు. వ్యాప్తి, అంటే ‘ఇది ఉన్నచోటల్లా అదీ ఉంటుంది’ అనే తప్పని సంబంధం, లేని అనుమానం నిలబడదని నువ్వే చదివావు. కాంటా (తూకం) అయ్యేదాకా ఆగు. తాలు (నాసి కాయ) కింద ఎంత తీశారో అడుగు. నలుగురైదుగురి తక్‌పట్టీలు, అంటే అమ్మిన సరుకు బరువూ ధరా రాసిచ్చే చీటీలు, చూడు. అప్పుడు పెట్టు హెడ్డింగ్.

అసలు టెన్షన్ శబ్దంతోనే. విషయం స్వయంగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునే మనిషి మాటే ప్రమాణం అన్నాడు గౌతముడి సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు. (కామసూత్రాల ఆయన వేరు, డెస్కులో ఎవరన్నా నవ్వితే చెప్పు.) ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ (పరాయివాడికీ) సమానమేనని కూడా అన్నాడు. నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే. తూకం సంగతి కాంటా పక్కనుండే హమాలీకి తెలిసినంత, ప్రెస్ నోట్ ఇచ్చే సారుకు తెలియకపోవచ్చు. అట్లని హమాలీ చెప్పిందల్లా రాసేయకు. నీకెట్లా తెలుసని ఇద్దర్నీ అడుగు. ఎందుకు చెప్తున్నారో నువ్వు ఆలోచించు.

నిజమూ మేలూ అయిన మాట, వినేవాడికి నచ్చకపోయినా, సమయం చూసి చెప్తానన్నాడు బుద్ధుడు అభయ రాజకుమారుడితో. ఇక్కడే జాగ్రత్త. ‘ఇప్పుడు సమయం కాదమ్మా’ అనేవాళ్లు చాలామంది వస్తారు, యాడ్లిచ్చే వ్యాపారితో సహా. వాళ్ల కోసం ఆగకు. నువ్వు సమయం చూడాల్సింది చావు ఇంట్లో. రైతు మందు తాగి పోతే అప్పుల లెక్క రేపు అడగొచ్చు. ఏడుస్తున్న పిల్లల ఫొటో అసలే వద్దు.

విలేకరులకు పేపరోళ్లు పెట్టే యాడ్ల టార్గెట్ ఎట్లా తప్పించుకోవాలని అడిగావట. దానికి గౌతముడి దగ్గరా మందు లేదు. ఆదివారం ఇంటికి రా, మాట్లాడదాం.

మీ పెద్దబాపు,
హనుమకొండ