ఆర్నెల్లలో పేపరు ఇస్తామన్న ల్యాబా, ఏమీ చెప్పలేమన్న ల్యాబా?

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) తగ్గించి రక్తనాళాలను కాపాడే మందుల మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. పీజీలో చేరేలోపు ఆరు నెలల ప్రాజెక్టుకి రెండు ల్యాబులు రమ్మన్నాయి. ఒకచోట మొక్కల నుంచి తీసిన పదార్థాలను కణాల మీద పరీక్షిస్తారట, ఆర్నెల్లలో పరిశోధన పేపరు వచ్చేస్తుందన్నారు. ఇంకోచోట రక్తనాళాల ముక్కల మీద పని, పేపరు సంగతి ఏమీ చెప్పలేమన్నారు. ఎటు పంపమంటారు? ఈ రంగంలో నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పడుతుంది? ఉద్యోగాలుంటాయా, లేక ఇప్పుడే ఫార్మసీ వైపు మళ్లించడం మేలా? జంతువుల మీద ప్రయోగాలంటే పిల్లకి కాస్త జంకు కూడా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. రెండో ల్యాబుకే పంపండి. మొదటిది చెడ్డదని కాదు. అక్కడా మంచి పని నేర్చుకోవచ్చు, కాకపోతే దానికో షరతుంది, కింద చెబుతాను. ‘ఆర్నెల్లలో పేపరు’ అన్న మాట వినగానే మాత్రం నాకు అనుమానమే వచ్చింది. ఎందుకో తెలియాలంటే ఈ రంగం ఎన్ని మలుపులు తిరిగిందో కొంచెం చెప్పాలి.

గుండెపోటు అనగానే మనకు తట్టేది కొలెస్ట్రాల్. ధమని గోడలో కొవ్వు పేరుకోవడంలో ఇన్‌ఫ్లమేషన్ పాత్ర కూడా పెద్దదేనని శాస్త్రవేత్తలు చాలాకాలంగా అంటున్నారు. అథిరోస్క్లెరోసిస్ అనే ఈ జబ్బుని ఇన్‌ఫ్లమేషన్ వ్యాధిగానే చూడాలని రస్సెల్ రాస్ 1999లో రాశాడు. మనుషుల్లో అది గట్టిగా రుజువయ్యేసరికి 2017 వచ్చింది. అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా రోగులతో కాంటోస్ అనే ట్రయల్ నడిచింది. వాళ్లలో కొందరికి ఇచ్చిన కనకినుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒకే ఒక ఇన్‌ఫ్లమేషన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. చెడు కొలెస్ట్రాల్ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే సుమారు 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. గుండెకు మందుగా దానికి అనుమతి రాలేదు.

మరుసటి ఏడు మెథోట్రెక్సేట్ వంతు వచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లో అక్కడ రూపుదిద్దుకున్న మందు ఇది. కీళ్లవాతంలో ఇప్పటికీ డాక్టర్లు ముందుగా రాసేవాటిలో ఒకటి. గుండె రోగులకు చిన్న మోతాదులో ఇచ్చి చూస్తే లాభం కనిపించలేదు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, అలాంటిదే మరో సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-6 కూడా తగ్గలేదు. గౌట్ అనే కీళ్ల నొప్పికి తరతరాలుగా వాడుతున్న కోల్చిసిన్ మాత్రం గట్టెక్కింది. అదీ ఒక మొక్క నుంచి వచ్చిన పదార్థమే. రోజుకు 0.5 మిల్లీగ్రాముల మోతాదులో గుండెజబ్బు ముప్పు తగ్గించే మందుగా అమెరికా ఎఫ్‌డీఏ 2023లో దానికి అనుమతి ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఇంకో పెద్ద ట్రయల్‌లో, గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టినవాళ్లకి దానివల్ల ఒరిగిందేమీ లేదని తేలింది. వాదన ఇంకా నడుస్తోంది.

వీటన్నిటి కంటే మీ అమ్మాయి గుర్తుపెట్టుకోవలసిన పేరు రోఫెకాక్సిబ్. వయాక్స్ పేరుతో అమ్మిన నొప్పి మాత్ర అది. ఇన్‌ఫ్లమేషన్‌ని బాగానే తగ్గించేది, కడుపును అంతగా పాడుచేసేది కాదు. కానీ వాడినవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు పెరిగాయని తేలి 2004 సెప్టెంబరులో కంపెనీయే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. రక్తనాళాల లోపలి పొర ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. నాళాన్ని వదులుగా ఉంచడం, రక్తం గడ్డకట్టకుండా చూడటం దాని పని. దానికి ఎదురు పనిచేసే థ్రాంబాక్సేన్‌ని ప్లేట్‌లెట్లు తయారుచేస్తాయి. రోఫెకాక్సిబ్ మొదటిదాన్ని తగ్గించి, రెండోదాన్ని ముట్టుకోకుండా వదిలేసింది. ఇన్‌ఫ్లమేషన్ తగ్గితే రక్తనాళం బాగుపడుతుందన్న లెక్క అక్కడే తప్పింది. అందుకే ఇన్‌ఫ్లమేషన్‌నీ రక్తనాళాన్నీ కలిపి చదవాలనుకునే పిల్లలంటే నాకు గౌరవం. ఒకదాన్నే కొలిచి రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ కనుక.

ఇప్పుడు మొదటి ల్యాబు సంగతి. అక్కడ బహుశా జరిగేది ఇది. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులో ఎలుక మాక్రోఫేజ్ కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) పెంచుతారు. బాక్టీరియా గోడ నుంచి తీసిన ఎల్‌పీఎస్ వేసి వాటిని రెచ్చగొడతారు. అవి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, అది నైట్రైట్‌గా మారి పైనున్న ద్రవంలో మిగులుతుంది. మర్నాడు ఆ ద్రవం కొంచెం తీసి గ్రీస్ రియేజెంట్ కలిపితే గులాబీ రంగు వస్తుంది. ప్లేట్ రీడర్‌లో 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. మొక్క పదార్థం వేసిన గుంటల్లో గులాబీ రంగు వెలిసిపోతే ‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గించింది’ అని రాస్తారు.

రంగు ఎందుకు వెలిసిందన్నదే అసలు ప్రశ్న. చచ్చిపోయిన కణం కూడా నైట్రిక్ ఆక్సైడ్ వదలదు కదా! విషం పోసినా ప్లేటు అంతే అందంగా వెలిసిపోతుంది. అందుకే అదే గుంటల్లో కణాలు బతికి ఉన్నాయో లేదో ఎమ్‌టీటీ లాంటి పరీక్షతో చూడాలి. పదార్థానికి సొంత రంగుంటే రీడింగ్ తారుమారవుతుంది, దాన్ని విడిగా కొలిచి తీసెయ్యాలి. పదార్థాన్ని కరిగించిన డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావకం ఒక్కటే వేసిన గుంటలు పక్కన ఉండాలి. ఇక మోతాదు. ప్లేటులో 50 మైక్రోమోలార్ గాఢతలో వేస్తే పనిచేసిన పదార్థం, నోటి ద్వారా తీసుకున్నాక రక్తంలో దానిలో వెయ్యో వంతు కూడా చేరకపోవచ్చు. పసుపులోని కర్క్యుమిన్ కథ ఇదే. అది వెలుగులో తానే మెరిసి రీడింగ్‌ని తప్పుదోవ పట్టిస్తుంది, ప్రొటీన్లతో ఎడాపెడా అతుక్కుంటుంది, శరీరపు పీహెచ్ దగ్గర త్వరగా విరిగిపోతుంది, రక్తంలోకి పెద్దగా చేరదు. దాని మీద వేల పేపర్లు వచ్చినా మందుగా నిలబడింది లేదని 2017లో మెడిసినల్ కెమిస్టులు ఒక సమీక్షలో కుండబద్దలు కొట్టారు. పేపర్లకి లోటు ఎప్పుడూ లేదు.

కాబట్టి షరతు ఇది. మీ అమ్మాయిని మొదటి ల్యాబుకి ఒకసారి వెళ్లి, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థితో మాట్లాడమనండి. గైడ్‌తో మాట్లాడితే సరిపోదు. ‘పోయినసారి ఫలితం రాకపోతే ఏం చేశారు?’ అని అడగమనండి. ‘ఆ పదార్థం పనిచెయ్యదని రాసి పక్కన పెట్టాం’ అంటే మంచి ల్యాబే. ‘వచ్చేదాకా మోతాదు పెంచాం’ అంటే దండం పెట్టి వచ్చెయ్యమనండి. కణాలు బతికి ఉన్నాయో లేదో పరీక్షిస్తారా, ఒకే ప్రయోగాన్ని వేరువేరు రోజుల్లో మళ్లీ చేస్తారా అన్నవి కూడా అడగాలి. ఒకే రోజు ఒకే ప్లేటులో మూడు గుంటలు నింపి దాన్ని మూడు ప్రయోగాలుగా లెక్కేసే అలవాటు చాలాచోట్ల ఉంది.

రెండో ల్యాబులో బహుశా వైర్ మయోగ్రాఫ్ ఉంటుంది. రక్తనాళాన్ని రెండు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోసి, మైక్రోస్కోప్ కింద దాని లోపలికి వెంట్రుకంత తీగలు రెండు దూర్చి బిగిస్తారు. 37 డిగ్రీల ఉప్పు ద్రావణంలో ఆక్సిజన్ బుడగలు వదులుతూ దాన్ని బతికిస్తారు. ఫినైలెఫ్రిన్ అనే మందు వేస్తే ఉంగరం బిగుసుకుంటుంది, స్క్రీన్ మీద గీత లేస్తుంది. తర్వాత ఎసిటైల్‌కోలిన్ వేస్తే వదులై గీత దిగాలి. దిగకపోతే తీగ దూర్చేటప్పుడు లోపలి పొర గీసుకుపోయిందన్నమాట, ఆ పూట పని గోవిందా. మొదటి నెలంతా ఇలాగే పోవచ్చు. ఆ పిల్ల ఇంటికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నా కంగారు పడకండి.

ఆ గీసుకుపోయిన పొరే ఈ రంగానికి దారి చూపింది. రాబర్ట్ ఫర్చ్‌గాట్ ల్యాబులో కుందేలు మహాధమని ముక్కలు ఎసిటైల్‌కోలిన్‌కి వదులవ్వాల్సింది పోయి ఏళ్ల తరబడి బిగుసుకుంటూ ఉండేవి. ఒకరోజు టెక్నీషియన్ చెప్పిన క్రమం తప్పి ప్రయోగం చేస్తే ముక్క వదులైంది. ఫర్చ్‌గాట్ దాన్ని పొరపాటని కొట్టిపారెయ్యకుండా తవ్వుకుంటూ పోయాడు. తయారుచేసేటప్పుడు లోపలి పొర రాసుకుపోతే ముక్క వదులవ్వడం లేదని తేలింది. అంటే ఆ ఒక్క కణం మందం పొర నుంచే ఏదో సంకేతం వస్తోంది. 1980లో ఆ సంగతి ప్రచురించాడు. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడేనని తర్వాత బయటపడింది. 1998లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకి నోబెల్ వచ్చింది. మొదటి ల్యాబులో తగ్గితే మంచిదనుకునే నైట్రిక్ ఆక్సైడే రెండో ల్యాబులో తగ్గితే జబ్బు. ఒకటి రెచ్చిపోయిన మాక్రోఫేజ్ కుమ్మరించేది, రెండోది రక్తనాళపు పొర కొద్దికొద్దిగా వదిలేది. ఈ తేడా చేత్తో చేసి తెలుసుకున్న పిల్ల, తర్వాత ఏ మాలిక్యూల్ మీద పనిచేసినా తొందరపడి మాట్లాడదు. రెండో ల్యాబు అనడానికి నా ముఖ్య కారణం ఇదే.

ఎన్నేళ్లు అని అడిగారు. పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీ నాలుగు నుంచి ఆరేళ్లు. సొంత ల్యాబు కావాలంటే ఆ పైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన) ఇంకో రెండు మూడేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అన్నీ చేసినా పర్మనెంట్ ఫ్యాకల్టీ పోస్టు దొరికేది కొద్దిమందికే. ఇది ఇప్పుడే ఇంట్లో అందరూ తెలుసుకోవాలి, పీహెచ్‌డీ నాలుగో ఏట కాదు. అలాగని దారులు మూసుకుపోవు. మందుల కంపెనీల్లో ఫార్మకాలజీ, టాక్సికాలజీ విభాగాలు, కంపెనీల తరఫున పరీక్షలు చేసిపెట్టే కాంట్రాక్టు పరిశోధన సంస్థలు, ట్రయల్స్ నడిపేవాళ్లు, మందుల భద్రతను గమనించే ఫార్మకోవిజిలెన్స్, అనుమతుల పత్రాలు చూసే రెగ్యులేటరీ పని, ఇవన్నీ ఈ చదువుకి పనికొస్తాయి. వీటిలో కొన్నింటికి పీజీ చాలు. రోఫెకాక్సిబ్ తర్వాత గుండె, రక్తనాళాల భద్రత చూడకుండా ఏ కంపెనీ ముందుకు కదలడం లేదు. రక్తనాళాన్ని బిగించి కొలవడం వచ్చినవాళ్లు కణాలు పెంచడం వచ్చినవాళ్ల కంటే చాలా తక్కువమంది.

ఫార్మసీకి మారడం ఇప్పుడు అక్కర్లేదు. బయోకెమిస్ట్రీ పునాది ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, పీజీలో ఫార్మకాలజీ పేపర్లు తీసుకుంటే చాలు. నేనైతే స్టాటిస్టిక్స్, ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పటినుంచే మొదలుపెట్టమంటాను. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. ప్రయోగం చేసినవాళ్లే దాని లెక్క తేల్చలేకపోతే ఎప్పుడూ ఇంకొకరి దయ మీద ఉండాల్సి వస్తుంది.

జంతువుల విషయంలో ఆ జంకు మంచిదే, దాన్ని పోగొట్టే ప్రయత్నం చెయ్యకండి. రక్తనాళపు ముక్క జంతువు నుంచే వస్తుంది కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ముక్కలు తీసేది ఎవరు అని చేరకముందే అడగాలి. చాలా ల్యాబుల్లో శిక్షణ పొందినవాళ్లే ఆ పని చేస్తారు, కొత్త విద్యార్థి చేతికి ముక్క మాత్రమే వస్తుంది. మొదటి వారం చూశాక తనవల్ల కాదనిపిస్తే, ఆ మాట గైడ్‌తో వెంటనే చెప్పమనండి. బొడ్డుతాడు నుంచి తీసిన మానవ ఎండోథీలియల్ కణాలతో (రక్తనాళపు లోపలి పొర కణాలు) కూడా రక్తనాళాల పరిశోధన చెయ్యొచ్చు, కెరీర్ అంతా వాటి మీదే గడిపినవాళ్లున్నారు. ఇంకొకటి, ఆ అమ్మాయికి ఉబ్బసమో దుమ్ము ఎలర్జీయో ఉంటే చేరేముందు డాక్టర్‌ని కలవండి. ఎలుకలతో పనిచేసేవాళ్లలో వాటి ఎలర్జీ చాలా మామూలు. ల్యాబు వాళ్లకి ముందే చెబితే మాస్కు, గాలి ఏర్పాట్లు చూస్తారు.