సొంతంగా ఒక విమానం డిజైన్ చెయ్యాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మెకానికల్ రెండో ఏడాది చదువుతున్నారు, ఎవరి ప్లానూ కాపీ కొట్టకుండా సొంత ఆకారంతో ఒక ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే చిన్న) విమానం గీసి ఎగరెయ్యాలని ఉంది. బ్లెండర్‌తో (త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టాలా, క్యాటియా (పెద్ద కంపెనీలు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్) కోర్సులో చేరాలా, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుందా అని అడుగుతున్నారు.

ప్రస్తుతానికి బ్లెండరూ వద్దు, క్యాటియా వద్దు. ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరవండి.

నేను వారమంతా మెషీన్ పార్టులు గీసే ఉద్యోగం చేస్తాను, ఆదివారాలు మోడల్ విమానాల కోసం ఫోమ్, బాల్సా (తేలికైన చెక్క) కోసుకుంటూ గడుపుతాను. ఆ మధ్య కొందరు కాలేజీ కుర్రాళ్ళు వాళ్ళ డిజైన్ చూపించారు. కంప్యూటర్లో తీసిన బొమ్మ (రెండర్) అదిరిపోయింది. రెక్క మీద రివెట్లు, కాక్‌పిట్ అద్దంలో మేఘాల నీడ, తోక మీద టీమ్ లోగో. రెక్క వైశాల్యం ఎంత, మొత్తం బరువు ఎంత వస్తుందనుకుంటున్నారు అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇందులో బ్లెండర్ తప్పేమీ లేదు, బొమ్మ గీయడానికి దాన్ని మించింది లేదు. కానీ విమానం డిజైన్ అంటే రోజూ ఏదో ఒక కొలత మారుతుంది. రెక్క వెడల్పు 200 మిల్లీమీటర్ల నుంచి 210 చేస్తే రిబ్బులు (రెక్క లోపలి అడ్డ ముక్కలు), స్పార్ (రెక్క పొడవునా పోయే దూలం) రంధ్రాలు, తోక అన్నీ దాని వెంట మారాలి. బ్లెండర్ మెష్‌లో (చుక్కలు, గీతలతో అల్లిన వల లాంటి ఆకారం) ఒక్కొక్కటీ చేత్తో లాగుతూ కూర్చోవాలి. అందుకే కొలతలకి పేర్లు పెట్టి, ఒక చోట మారిస్తే అన్ని చోట్లా మారే పారామెట్రిక్ క్యాడ్ (ఇంజినీరింగ్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) కావాలి.

ఇంతకీ ఆ కొలతలు ఎక్కడి నుంచి వస్తాయి? సాఫ్ట్‌వేర్ ఇవ్వదు. నా ట్విన్ బూమ్ విమానం లెక్కే చెప్తాను. మోటారు వెనక, తోకని మోసే బద్దలు రెండు, ముందు భాగం కెమెరా కోసం ఖాళీ. రెక్క పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం 0.24 చదరపు మీటర్లు. బరువు 900 గ్రాములు అనుకున్నాను. గరిష్ఠ లిఫ్ట్ గుణకం (రెక్క ఎంత బాగా పైకి లేపగలదో చెప్పే అంకె) 1.2 అని పట్టుకుంటే స్టాల్ వేగం, అంటే ఇంతకన్నా తగ్గితే విమానం గాలిలో నిలబడని వేగం, సెకనుకి దాదాపు 7 మీటర్లు, గంటకి పాతిక కిలోమీటర్లు. చేత్తో విసిరి వదలొచ్చు. అదే బరువు 1,400 గ్రాములైతే స్టాల్ గంటకి 32 కిలోమీటర్ల దగ్గరకి పోతుంది. విసిరేవాడు పరిగెత్తాలి, దిగేటప్పుడు నేల కూడా గట్టిగా తగులుతుంది. ఈ ఒక్క లెక్క చేశాక ఏ ఫోమ్, ఎంత బ్యాటరీ అనేవి చాలావరకు తేలిపోతాయి.

తోకకీ ఒక సూత్రం ఉంది. తోక వైశాల్యాన్ని రెక్క నుంచి తోక దాకా ఉన్న దూరంతో గుణించి, రెక్క వైశాల్యం, వెడల్పుల లబ్ధంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇలాంటి నెమ్మది విమానాలకి 0.5 చుట్టూ ఉంటే బాగుంటుంది. నా దూరం 60 సెంటీమీటర్లు కాబట్టి తోకకి 400 చదరపు సెంటీమీటర్లు వచ్చింది, అంటే 40 పొడవు, 10 వెడల్పు. ప్రొపెల్లర్ 9 అంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లు. అది తగలకుండా తిరగాలి కాబట్టి బద్దల మధ్య 28 వదిలాను.

అన్నిటికన్నా నాకు నచ్చేది ముక్కు పొడవు లెక్క. సీజీకి (విమానం బరువు సరిగ్గా తూగే చోటు) 20 సెంటీమీటర్లు వెనక మోటారు, ప్రొపెల్లర్ కలిపి 80 గ్రాములు. 60 సెంటీమీటర్లు వెనక తోక 60 గ్రాములు. రెండిటి మొమెంట్ (బరువు, దూరాల లబ్ధం) 1,600, 3,600 కలిపి 5,200. నా బ్యాటరీ 180 గ్రాములు, 2200 ఎంఏహెచ్ త్రీ సెల్. 5,200ని 180తో భాగించండి: 29. రెక్క, ముక్కు తొడుగుల సొంత బరువు పక్కన పెడితే బ్యాటరీ సీజీకి 29 సెంటీమీటర్లు ముందు కూర్చోవాలి. ముక్కు ఎంత పొడుగు ఉండాలో ఇక నన్ను అడగక్కర్లేదు. మీరనే ‘సొంత ఆకారం’ చాలావరకు ఇలాగే పుడుతుంది. ముందు అందంగా గీసి తర్వాత బ్యాటరీ ఇరికిద్దామనుకున్నవాళ్ళు చివరికి ముక్కులో సీసం ముక్కలు పెడతారు, పనికిరాని బరువు మోస్తారు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మొదటిది ఓపెన్ వీఎస్‌పీ. నాసాలో పుట్టింది, 2012లో ఓపెన్ సోర్స్ చేశారు. రెక్క, బాడీ, తోక అన్నీ రెడీ భాగాలుగా ఉంటాయి, స్లైడర్లు జరిపితే ఆకారం మారుతుంది. ఒక సాయంత్రంలో నాలుగైదు ఆకారాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. దానికి యూనిట్లు ఉండవు. మీరు మీటర్లలో మొదలుపెడితే చివరిదాకా మీటర్లే, మధ్యలో మిల్లీమీటర్లు కలపొద్దు.

రెండోది ఎక్స్‌ఎఫ్ఎల్ఆర్5, రెక్క, తోక గాలిలో ఎలా ప్రవర్తిస్తాయో లెక్కగట్టేది. ఎక్కువ కాలం దీని మీదే పెట్టండి. ఎంఐటీలో మార్క్ డ్రెలా 1986లో రాసిన ఎక్స్‌ఫాయిల్ దీని పునాది. మన చిన్న విమానాల రెనాల్డ్స్ సంఖ్య (వేగం, రెక్క వెడల్పు గాలి జిగటతో పోలిస్తే ఎంతో చెప్పే అంకె) చాలా తక్కువ. 20 సెంటీమీటర్ల రెక్క సెకనుకి 12 మీటర్ల వేగంతో పోతే సుమారు 1,60,000 వస్తుంది. పెద్ద విమానాల కోసం చేసిన కొన్ని ఎయిర్‌ఫాయిళ్ళు (రెక్కని అడ్డంగా కోస్తే కనబడే ఆకారాలు) ఈ స్థాయిలో సరిగ్గా పనిచెయ్యవు. అందుకే మొదటి విమానానికి క్లార్క్ వై, లేదా నాకా 4412 తీసుకోండి (2 శాతం వంపు చాలనుకుంటే 2412). ఎయిర్‌ఫాయిల్‌ని ముందు 50,000 నుంచి 3,00,000 రెనాల్డ్స్ దాకా బ్యాచ్‌లో నడిపించి, ఆ తర్వాతే రెక్క అనాలిసిస్‌కి వెళ్ళండి. లేకపోతే పాయింట్ ఫ్లైట్ ఎన్వలప్ (లెక్క వేసి ఉంచిన పరిధి) బయట ఉందని మెసేజ్‌లు వరసగా వస్తాయి, మొదటిసారి చూసినవాళ్ళు సాఫ్ట్‌వేరే పాడైందనుకుంటారు.

ఇందులో మీరు కళ్ళు పెట్టుకు చూడాల్సిన గ్రాఫ్ ఒకటే, పిచింగ్ మొమెంట్ (ముక్కుని పైకో కిందికో తిప్పే బలం) వర్సెస్ ఆల్ఫా (రెక్క గాలికి చేసే కోణం). గీత ఎడమ నుంచి కుడికి కిందికి వాలాలి, సున్నాని దాటే చోట రెక్కకి లిఫ్ట్ ఉండాలి. సీజీని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ మళ్ళీ మళ్ళీ రన్ చెయ్యండి. గీత పూర్తిగా అడ్డంగా పడుకున్న చోటు న్యూట్రల్ పాయింట్. అసలు సీజీని దానికంటే రెక్క వెడల్పులో పది శాతం ముందు పెట్టుకోండి, మన 20 సెంటీమీటర్ల రెక్కకి 2 సెంటీమీటర్లు. బాడీని మాత్రం ఇందులో గీయకండి, రెక్క, తోక చాలు. బాడీ పెడితే ఫలితాలు నమ్మలేం, ఆ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషనే వద్దంటుంది. డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) సంఖ్యలు కూడా నిజం కన్నా తీపిగా ఉంటాయి, మోటారు కొనేటప్పుడు కొంచెం ఎక్కువే లెక్క వేసుకోండి.

మూడోది క్యాడ్. ఫ్రీక్యాడ్ లేదా ఫ్యూజన్, మీ ఇష్టం. ఫ్యూజన్ నేర్చుకోవడం తేలిక, కానీ సొంత వాడకానికి ఇచ్చే ఉచిత లైసెన్సులో ఒకేసారి పది డాక్యుమెంట్లే ఎడిట్ చెయ్యనిస్తుంది. విద్యార్థి లైసెన్స్ వస్తే ఆ బాధ లేదు. ఫ్రీక్యాడ్ మొదట్లో కొంచెం మొండికేస్తుంది, కానీ 2024లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి చాలా నయం. ఇందులో స్ప్రెడ్‌షీట్ వర్క్‌బెంచ్ ఉంటుంది. మొదట చేసిన ఎక్సెల్ లెక్కలో స్పాన్ (రెక్క పొడవు), వెడల్పు, తోక దూరం అన్నీ అక్కడి గళ్ళలో రాసి, స్కెచ్ కొలతలకి ఆ గళ్ళ పేర్లే ఇవ్వండి.

రెక్క గీసేటప్పుడు అందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది. ఇలినాయ్ యూనివర్సిటీ ఎయిర్‌ఫాయిల్ డేటాబేస్ నుంచి డ్యాట్ ఫైల్ (ఆకారం తాలూకు పాయింట్ల జాబితా) దించుకుంటారు. కొన్ని ఫైళ్ళలో పాయింట్లు వెనక అంచు దగ్గర మొదలై పైనుంచి ముందు అంచుకి వచ్చి, కిందనుంచి మళ్ళీ వెనక్కి పోతాయి. ఇంకొన్నిటిలో పై గీత విడిగా, కింది గీత విడిగా, రెండూ ముందు అంచు నుంచే మొదలవుతాయి. ఈ రెండో రకాన్ని అలాగే కలిపితే రెక్కకి అడ్డంగా ఒక గీత పోతుంది. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి నాలుగు లైన్లు చూస్తే చాలు, ఏ రకమో తెలిసిపోతుంది. పాయింట్లన్నిటినీ ఒకే స్ప్లైన్‌గా (నునుపైన వంపు గీత) కలిపితే ముందు అంచు దగ్గర సన్నటి ముడత వస్తుంది, పైది ఒకటి, కిందిది ఒకటి విడిగా గీసి ముందు అంచు దగ్గర కలపండి. వెనక అంచు ఫైల్లో దాదాపు సున్నా మందం. దాన్ని ఏ లేజర్ కటింగ్ షాపూ కొయ్యలేదు, కనీసం ఒక మిల్లీమీటరు ఉంచండి. మొదలు దగ్గరా చివర దగ్గరా వేరు వేరు ఎయిర్‌ఫాయిళ్ళు వాడితే రెండిట్లోనూ పాయింట్ల సంఖ్య ఒకటే ఉండాలి, లేకపోతే లాఫ్ట్ (రెండు ఆకారాల మధ్య క్యాడ్ అల్లే ఉపరితలం) మెలి తిరుగుతుంది.

బరువు విషయంలో క్యాడ్‌ని గుడ్డిగా నమ్మొద్దు. ఫ్యూజన్‌లో ఏమీ మార్చకపోతే ప్రతి భాగమూ స్టీలే. ఫోమ్ రెక్క కిలోల్లో చూపిస్తుంటే భయపడకండి, మెటీరియల్ మార్చండి. మార్చినా దానికి జిగురు తెలియదు, వైర్లు తెలియవు, అతికించే టేపు తెలియదు. నేను ఒక డిజిటల్ కాటా పక్కన పెట్టుకుని తయారైన ప్రతి ముక్కనీ తూచి షీట్‌లో అంచనా పక్కనే రాస్తాను. మొదటి రెక్క తూచిన రోజే ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో చేతికి తెలిసింది. త్రీడీ ప్రింట్ చేద్దామనుకుంటే పీఎల్ఏ (ప్రింటర్ ప్లాస్టిక్) నీటికన్నా బరువైనది, థర్మాకోల్ దాని ముందు గాలి లాంటిది. మోటారు మౌంట్, సర్వో పెట్టెలు ప్రింట్ చేసుకోండి, రెక్క ఫోమ్‌తో కొయ్యండి.

ఎక్స్-ప్లేన్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్‌తో పాటు వచ్చే ప్లేన్ మేకర్‌లో మీ విమానం కట్టి సిమ్యులేటర్‌లో ఎగరెయ్యొచ్చు. సరదాగా ఉంటుంది, కానీ తప్పనిసరి కాదు. పూర్తిస్థాయి సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కగట్టడం) జోలికి ఇప్పుడు వెళ్ళకండి. దాని రంగుల బొమ్మలు రిపోర్టుకి బాగుంటాయి, మెష్ ఎలా వెయ్యాలో తెలియకుండా వచ్చిన అంకెలు దేనికీ పనికిరావు. సీఎఫ్‌డీ వద్దనుకుంటే ల్యాప్‌టాప్ గురించి బెంగ లేదు, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు మెషీన్ మీద పైవన్నీ నడుస్తాయి. థియరీ కోసం ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల విమాన డిజైన్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. స్టెబిలిటీ పాఠాలు మాత్రం దాటెయ్యకండి.

ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ డ్రోన్ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూడండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా మైక్రో తరగతి, మీది అందులోనే పడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కలైతే మరీ జాగ్రత్త. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్, ఎటు చూసినా రన్‌వేలే. ఊరి చివర ఖాళీ స్థలం కనబడింది కదా అని ఎగరెయ్యకూడదు.

ఇక క్యాటియా. చెడ్డదని కాదు, బోయింగ్ 777 మొత్తాన్ని దాంతోనే గీశారు. మన తేజస్ యుద్ధవిమానం కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటి పొరల) భాగాల కోసం దాన్ని డిజైన్ చేసిన బెంగళూరులోని ఏడీఏ సొంతంగా ఆటోలే అనే సాఫ్ట్‌వేర్ రాసుకుంది. అంటే పెద్ద సంస్థలకి కూడా కొనుక్కున్న క్యాడ్ ఒక్కటే చాలదు. ఏరోస్పేస్ కంపెనీల్లో ఉద్యోగం కావాలంటే క్యాటియా సర్ఫేసింగ్ (వంపు ఉపరితలాలు గీయడం) మూడో ఏడాది తర్వాత నేర్చుకోండి, పనికొస్తుంది. స్కెచ్, కన్‌స్ట్రెయింట్, లాఫ్ట్ అలవాటైతే ఏ క్యాడ్‌లోకైనా మారడం కష్టం కాదు, బటన్లు వేరు చోట ఉంటాయి, అంతే. ఈలోపు కోర్సుకి కట్టే ఫీజుతో రెండు మోటార్లు, నాలుగు సర్వోలు, ఒక మంచి ఛార్జర్ కొనుక్కోండి.