వాతావరణ పరిశోధన చదువుకు పొలం తాకట్టు పెట్టవద్దు

హనుమకొండ నుంచి వచ్చి నాలుగు నెలల క్రితం జర్మనీలో ఎమ్మెస్సీలో చేరిన ఒక విద్యార్థి నాకు రెండు సందేహాలు రాశారు. వాతావరణ, శీతోష్ణస్థితి శాస్త్రాల్లో పీహెచ్‌డీ చేయడానికి ఏ దేశం మంచిదన్నది మొదటిది. ఇదే రంగంలోకి రావాలనుకుంటున్న తమ్ముణ్ని, పరకాల దగ్గరి మూడెకరాల పొలం మీద అప్పు తెచ్చి ఇంగ్లండులో ఏడాది ఎమ్మెస్సీకి పంపమని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారని, పంపవచ్చా అన్నది రెండవది. ఒక కుటుంబం భూమితో ముడిపడిన ప్రశ్న కనుక రెండవదానికే ముందు జవాబు చెబుతాను.

పంపవద్దు. సాఫ్ట్‌వేర్ చదువుకు తెచ్చిన అప్పు తర్వాత వచ్చే ఉద్యోగంతో తీరవచ్చునన్న లెక్క ఒకటి మన వాళ్లలో పాతుకుపోయింది. ఆ లెక్క ఈ రంగానికి సరిపోదు. ఇక్కడ ఎమ్మెస్సీ తర్వాతి మెట్టు చాలావరకు పీహెచ్‌డీయే, దాని జీతం మనిషి గౌరవంగా బతకడానికి సరిపోతుంది గాని పాతిక, ముప్ఫై లక్షల అప్పును వడ్డీతో తీర్చడానికి సరిపోదు. పీహెచ్‌డీ అనేది మనం ఫీజు కట్టి కొనుక్కునే చదువు కాదు, మన పనికి ఎదుటివారు జీతమిచ్చే ఉద్యోగం. జర్మనీలో ఎక్కువమందికి ‘ఈ13’ అనే ప్రభుత్వ వేతన స్కేలులో సుమారు 65 నుంచి 75 శాతం దాకా వాటాతో ఒప్పందం రాస్తారు, ఆరోగ్య బీమా, పింఛను చందా అందులో భాగంగానే ఉంటాయి. అమెరికాలో డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరినా బోధన లేదా పరిశోధన సహాయకుడి పని ఇచ్చి, ఫీజు మాఫీ చేసి, నెలనెలా భృతి ఇస్తారు, అయితే 2025 నుంచి అక్కడి పరిశోధన నిధుల మీద కత్తెర పడుతున్నందున ఆ ఒక్క దారినే నమ్ముకోమని ఎవరికీ చెప్పలేను. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్ఐ డబ్బుతో నడిచే పీహెచ్‌డీ స్థానాలకు 2021 నుంచి విదేశీయులూ అర్హులే, కాని వారి వాటా 30 శాతానికి మించకూడదన్న పరిమితి ఉంది. ఏడాది ఎమ్మెస్సీ ముగిసేసరికి మీ తమ్ముడు నిలబడేది ఆ ఇరుకు ద్వారం ముందే.

అతనికి దగ్గరి దారి మన దేశంలోనే ఉంది. జాతీయ అర్హత పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలకు ప్రత్యేక పత్రం ఉన్నది. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి దగ్గర గాదంకిలో పెద్ద రాడార్ ఉన్న జాతీయ ప్రయోగశాల, హైదరాబాద్‌లోనే సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నాయి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి సంఘమైన ఐపీసీసీ నివేదికలకు ఆధారమయ్యే, శీతోష్ణస్థితి కంప్యూటర్ నమూనాల అంతర్జాతీయ పోలిక సీమిప్6లో భారతదేశం నుంచి మొట్టమొదటిసారి పాల్గొన్న నమూనా పుణెలో తయారైనదే. అక్కడ పనిచేసిన వారి దరఖాస్తును జర్మనీలోని ఆచార్యులు ఆసక్తిగా చదువుతారు, ఇది నేను కళ్లారా చూసిన విషయం.

విదేశంలోనే ఎమ్మెస్సీ చేయాలన్న పట్టుదల ఉంటే జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను చూడమనండి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టరుకు 1500 యూరోలు కట్టాలి గాని, మిగిలిన చాలా రాష్ట్రాల్లో ఫీజు లేదు, సెమిస్టరు చందా మాత్రమే ఉంటుంది. వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, అయితే అది ఎవరికో కట్టే డబ్బు కాదు, నెలకు 992 యూరోల చొప్పున మీ చేతికే తిరిగి వస్తుంది. 2022 నవంబరు నుంచి మన చదువు పత్రాలు అసలైనవేనని తెలిపే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి కనుక అది ముందే తెచ్చుకోవాలి. అర్హత ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల విదేశీ విద్యానిధి సంగతి కన్సల్టెన్సీలు తమంతట తాము చెప్పడం నేను ఎక్కువగా వినలేదు. అడిగి తెలుసుకోవాలి.

ఇక మీ ప్రశ్న. దేశం ఏదన్నది తర్వాత తేల్చుకోవలసిన మాట. ఏ ప్రశ్న మీద పనిచేస్తారు, ఎవరి దగ్గర చేస్తారు అన్నవి ముందు తేలాలి. శీతోష్ణస్థితి నమూనాలకైతే హాంబర్గ్ ఉంది. 2021లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న క్లాస్ హాసెల్‌మాన్ 1975లో ఇక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థకు తొలి సంచాలకుడు. ధూళికణాలు, మబ్బులు కావాలంటే లైప్‌జిగ్, ధ్రువప్రాంతాలకు బ్రెమర్‌హాఫెన్, వాతావరణ మార్పు ప్రభావాలకు పాట్స్‌డామ్. మధ్య భారతంలో ఋతుపవనాల రాకను నలభై రోజుల ముందుగా అంచనా వేసే పద్ధతిని పాట్స్‌డామ్‌లోనే రూపొందించారు. వానాకాలం పత్తి గింజ ఎప్పుడు పెట్టాలా అని ఆకాశం కేసి చూసే ఇంటి నుంచి వచ్చిన మనకు ఆ నలభై రోజుల విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మీలా ఇక్కడికి వచ్చి కొద్ది నెలలే అయినవారు ఇప్పుడే గుర్తుపెట్టుకోవలసిన నిబంధన ఒకటి ఉంది. ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే మరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లలో జీతం బాగుంటుంది, ఏ దేశస్థులైనా అర్హులే. అయితే చేరే నాటికి ముందున్న 36 నెలల్లో ఆ ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి నివసించి ఉండకూడదు. రెండేళ్లు జర్మనీలో ఎమ్మెస్సీ చేశాక మీకు జర్మనీలోని ఆ స్థానాలు దొరకవు, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, నార్వేలలోనివి దొరుకుతాయి. చదువు చివర్లో ఈ సంగతి తెలిసి కూలబడినవారిని ఇద్దరిని చూశాను.

డబ్బుకు ఇబ్బందిగా ఉన్నా గోదాములో పెట్టెలు మోసే పనికి తొందరపడి ఒప్పుకోకండి. విశ్వవిద్యాలయంలో విద్యార్థి సహాయకుడి పని, ఇక్కడ ‘హివి’ అంటారు, విదేశీ విద్యార్థులకున్న ఏడాదికి 140 పూర్తి రోజుల పరిమితిలోకి రాదు. జీతం కొంచెమే అయినా అక్కడ నేర్చుకునే లినక్స్, పైథాన్, వాతావరణ సమాచారం దాచే నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు, ఆ ఫైళ్ల మీద లెక్కలు చేసే, హాంబర్గ్‌లోనే పుట్టిన సీడీఓ ఉపకరణం, ఇప్పటికీ పెద్ద నమూనాలను నడిపిస్తున్న ఫోర్ట్రాన్ అన్నీ రేపటి ఇంటర్వ్యూలో మీ చేతిలో ఉంటాయి. పైగా అక్కడి ఆచార్యుడి సిఫారసు లేఖకు మరెక్కడి లేఖా సాటిరాదు.

ఆచార్యులకు రాసే మొదటి మెయిల్ దగ్గరే మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన మెయిల్‌ను నాకు చూపించింది. తమరి పరిశోధన గొప్పదని, తాను కష్టపడతానని, ఒక్క అవకాశం ఇవ్వమని మూడు వాక్యాలు. అలాంటివి ఆచార్యుడికి రోజూ వస్తాయి. మీ వైపు కురిసిన వాన గురించి రాయమన్నాను. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజే మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కితే హెలికాప్టర్లు వచ్చి రక్షించాయి. ఆ అమ్మాయి ఉచితంగా దొరికే, గడిచిన కాలపు వాతావరణాన్ని గడులుగా లెక్కగట్టిన ఈఆర్ఏ5 సమాచారం నుంచి ఆ రోజు గంటగంట వానను తీసి, ఊళ్లోని వర్షమాపకం అంకె పక్కన పెట్టి ఒక్క పటం గీసింది. పటంలో ఈఆర్ఏ5 ఎర్రగీత ఎంతో కింద, వర్షమాపకం నల్లచుక్క ఎక్కడో పైన ఉన్నాయి. ఈఆర్ఏ5లో ఒక్కో గడి సుమారు 31 కిలోమీటర్లు కనుక ఒక ఊరి మీద కుండపోతగా కురిసినది సగటులో కలిసి పలచబడుతుంది. ఇంకా చిన్న గడుల నమూనాతో ఆ వానను పట్టగలమా అన్న ఒక్క ప్రశ్నతో మెయిల్ ముగించింది. ఏడుగురికి పంపితే నలుగురు జవాబివ్వలేదు, ఇద్దరు నిధులు లేవన్నారు, ఒకరు నలభై నిమిషాలు మాట్లాడారు. ఇప్పుడు ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తోంది.

ఒప్పందం వచ్చాక కూడా కొన్నింటి మీద కన్నేసి ఉంచాలి. చాలా ఒప్పందాలు మూడేళ్లకే రాస్తారు, పని నాలుగేళ్లు పడుతుంది. నివాస అనుమతి ఆ ఒప్పందంతో ముడిపడి ఉంటుంది. నా ఒప్పందాన్ని ఆరునెలల చొప్పున పొడిగించినప్పుడు ఒక కార్యాలయంలో అపాయింట్‌మెంటు ఆలస్యమై, కాగితం చేతికి రాక, తాతయ్య చనిపోయినప్పుడు ఊరికి వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. గడువుకు మూడు నెలల ముందే దరఖాస్తు వేయండి, ప్రతి మెయిల్ దాచుకోండి. అదీకాక ఇక్కడి చట్టం ప్రకారం విద్యాసంస్థల్లో తాత్కాలిక ఒప్పందాలు పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత మామూలుగా ఆరేళ్లు మాత్రమే. శాశ్వత ఆచార్య పదవులు బహు కొద్ది. జర్మన్ వాతావరణ సేవా సంస్థ, బీమా కంపెనీలు, గాలిమరల సంస్థలు ఈ చదువున్నవారిని తీసుకుంటాయి, అయితే అక్కడ భాష కావాలి. ప్రయోగశాలలో ఇంగ్లిష్‌తో గడిచిపోతోందని జర్మన్ నేర్చుకోవడం మానేస్తే ఆ తలుపులు మీకు మీరే మూసుకున్నట్టు. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు గాని, భాషను అప్పుడు మొదలుపెడితే అందదు.

కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టకముందే, ఈ ఆదివారమే, మీ నాన్నగారితో మాట్లాడండి. తమ్ముడి చేత నెట్ సిలబస్ తెప్పించి, భౌతికశాస్త్రంలో తనకు వచ్చినవి, రానివి గుర్తు పెట్టించండి. మీరు ఆచార్యులకు రాయబోయే మెయిల్‌ను, దానితోపాటు మీరు గీసిన పటాన్ని ముందు నాకు పంపండి. చదివి, దిద్ది తిరిగి పంపుతాను.