అంటార్కిటికా ఓడ ప్రయాణం: షుగర్ ఉన్నవాళ్లు ఎలాంటి బట్టలు తీసుకెళ్లాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 67 ఏళ్లు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను, ప్రోస్టేట్ కొంచెం పెరిగిందన్నారు. మా ఆవిడకు 62, 14 ఏళ్లుగా షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది, అరికాళ్లు ఎప్పుడూ తిమ్మిరిగా ఉంటాయంటుంది. డల్లాస్‌లో ఉండే మా అమ్మాయి డిసెంబరులో మమ్మల్ని అర్జెంటీనా నుంచి ఓడలో అంటార్కిటికా తీసుకెళ్తానంటోంది. మా ఆవిడ చీర తప్ప ఇంకోటి కట్టదు. రెండేసి స్వెటర్లు, శాలువా, మంకీ క్యాప్, పాదాలకు హాట్ ప్యాకెట్లు సరిపోతాయా డాక్టర్ గారూ?

జవాబు: ముందు ఆ హాట్ ప్యాకెట్ల సంగతి చెప్తాను. మీ ఆవిడ పాదాలకు అవి వద్దండి. బూట్లలో వద్దు, సాక్సులో వద్దు, ఓడలో గదికి వచ్చాక కూడా వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చలికాలంలో నా దగ్గరికి ఇవే కేసులు వస్తుంటాయి. కాళ్లు చల్లబడ్డాయని వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని పడుకుంటారు, పొద్దున్నే చూసుకుంటే మడమ మీద నిమ్మకాయంత బొబ్బ. ఒకామెకైతే దుప్పటికి అంటిన తడి చూసేదాకా కాలిందనే తెలియలేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న కాలికి వేడీ తెలియదు, చలీ తెలియదు. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

ఇక చలి విషయం. అంటార్కిటికా అనగానే మైనస్ 40 అని కంగారు పడకండి. అర్జెంటీనాలోని ఉషువాయా రేవు నుంచి బయల్దేరే ఓడలు ఎక్కువగా అంటార్కిటిక్ ద్వీపకల్పానికే వెళ్తాయి, డిసెంబరు అక్కడ ఎండాకాలం. పగలు సున్నాకి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూగా ఉంటుంది. అసలు ఇబ్బంది గాలితో, తడితో. సున్నా డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి మైనస్ 7లా తగులుతుంది. పైగా ఓడ నుంచి ఒడ్డుకి తీసుకెళ్లేది జోడియాక్ అనే రబ్బరు పడవలో, అలల తుంపర మీద పడుతూనే ఉంటుంది, దిగేటప్పుడు చాలాచోట్ల నీళ్లలోనే కాలు పెట్టాలి. తడిసిన బట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. కాబట్టి ఎంత మందం వేసుకున్నామన్నది కాదు, లోపల ఎంత పొడిగా ఉన్నామన్నది చూసుకోవాలి.

రెండు స్వెటర్లు ఒకదానిమీద ఒకటి వేసుకుంటే ఆ పని జరగదు, గాలి వాటిలోంచి దూరిపోతుంది. మూడు పొరలు పెట్టుకోండి. ఒంటికి అంటుకుని ఉండే థర్మల్స్, మెరినో ఉన్నివి గానీ పాలిస్టర్‌వి గానీ. కాటన్ బనియన్ మాత్రం వద్దు, మనకి ఎండల్లో ఎంత హాయిగా ఉన్నా చెమట పీల్చుకుని ఆరదు, అక్కడ అదే తడిగుడ్డ చుట్టుకున్నట్టు అవుతుంది. దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట జాకెట్, బాగా చలిగా ఉంటే ఇంకొకటి. అన్నిటి మీదా గాలినీ నీటినీ ఆపే జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. చాలా కంపెనీలు పైజాకెట్ వాళ్లే ఇస్తాయి, రబ్బరు బూట్లు అరువిస్తాయి, కొనేముందు మీ అమ్మాయిని కనుక్కోమనండి. మీదికి ఎక్కేటప్పుడు చెమట పడుతుంటే అప్పుడే జిప్ దించేయాలి, చెమట పట్టాక తీస్తే లాభం లేదు.

మంకీ క్యాప్ తీసుకెళ్లండి, జాకెట్ టోపీ కింద చక్కగా పనికొస్తుంది. శాలువా మాత్రం గదిలోనే ఉంచండి, పడవలో దాని కొసలు దేనికో ఒకదానికి చుట్టుకుంటాయి. మెడకి గొట్టంలా తొడుక్కునేది దొరుకుతుంది, అది కొనండి.

చీర గురించి ఆవిడకి నచ్చచెప్పాల్సింది మీరే. ఓడ లోపల వెచ్చగా ఉంటుంది, థర్మల్స్ మీద చీర కట్టుకుని భోజనానికి నిక్షేపంగా వెళ్లొచ్చు. ఒడ్డుకి దిగే రోజున మాత్రం వద్దు. కుచ్చెళ్లు తడిస్తే ఆ నీరంతా పైకి పాకుతుంది, అడుగు తడబడుతుంది. ఇంకో సంగతి, బర్డ్‌ఫ్లూ భయంతో అక్కడ నేల మీద కూర్చోనివ్వరు, అలసిపోయినా నిలబడే ఉండాలి. చుడీదార్ అలవాటు లేకపోతే ఇప్పటి నుంచే ఇంట్లో థర్మల్ ప్యాంటు మీద ట్రాక్ ప్యాంటు వేసుకుని రోజూ కాసేపు నడవమనండి.

ఇక పాదాలు. పల్చటి సాక్సు ఒకటి, దాని మీద మందపు ఉన్ని సాక్సు ఒకటి, అంతకుమించి వద్దు. ఎక్కువ సాక్సులు తొడిగి బూటులోకి కాలు కూరితే రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. లోపల వేళ్లు కదపడానికి చోటుండాలి, అందుకే బూటు సైజు ఈ రెండు సాక్సులూ వేసుకునే చూసుకోవాలి. మెట్టెలు... ఇది చెప్పడానికి కొంచెం మొహమాటంగానే ఉంది, కానీ బిగుతు బూటులో ఆ లోహం పక్క వేలిని గంటసేపు ఒరుసుకుంటే తిమ్మిరి కాలికి తెలియదు. ఒడ్డుకి దిగే ఆ కొద్ది గంటలూ తీసి దాచుకుంటే తప్పేం లేదమ్మా అని నా మాటగా చెప్పండి. తిరిగొచ్చాక ప్రతిసారీ సాక్సు తీసి, వేళ్ల సందులు, అరికాలు మీరే కళ్లతో చూడండి. ఎక్కడైనా తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తే రుద్దొద్దు, వేడినీళ్లలో పెట్టొద్దు, ఓడలో డాక్టరు ఉంటారు, వెంటనే చూపించండి.

ఇన్సులిన్ పెన్ను బయటి బ్యాగులో పెట్టకండి, గడ్డకడితే పారేయాల్సిందే. ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉంచాలి. గ్లూకోమీటరు కూడా చల్లబడితే ఎర్రర్ చూపిస్తుంది, దాన్నీ అక్కడే పెట్టండి. ఇంకో జేబులో గ్లూకోజ్ బిళ్లలు. ఆవిడకి వణుకు వస్తే చలి వణుకేలే అని వదిలేయకండి, షుగర్ పడిపోయినా అలాగే ఉంటుంది. చెక్ చేయడం వీలుకాకపోతే ముందు బిళ్లలు నోట్లో వేయండి.

మీ సంగతికొస్తే, మెటోప్రొలాల్ వల్ల కొందరికి వేళ్లు చల్లబడతాయి, చలికి బీపీ కూడా కొంచెం పెరుగుతుంది. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. పల్చటి గ్లౌజుల మీద, నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే మిట్టెన్స్ వేసుకోండి, విడివిడి వేళ్ల గ్లౌజుల కంటే అవే వెచ్చగా ఉంటాయి. చలిలో మూత్రం ఎక్కువగా వస్తుంది, ఒడ్డున బాత్‌రూమ్ ఉండదు, ఓడకి తిరిగి రావాల్సిందే. అందుకే బట్టలు వేసుకునే ముందే వెళ్లి రండి, భుజాల దాకా పట్టీలుండే ప్యాంటు కాకుండా ముందు జిప్ ఉన్నదే తీసుకోండి. దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్యనున్న డ్రేక్ పాసేజ్ అనే సముద్రం దాటే రెండు రోజులూ ఓడ బాగా ఊగుతుంది, వాంతులు ఆగడానికని చెవి వెనక అంటించే ప్యాచ్‌తో గానీ, కొన్ని రకాల మాత్రలతో గానీ ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. మీ యూరాలజిస్టుని అడక్కుండా ఏదీ వాడొద్దు.

అక్టోబరు లోపు మీ ఆవిడకి పాదాల పరీక్ష చేయించండి. సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద అక్కడక్కడా తాకి చూస్తారు, నాడి కూడా చూస్తారు. పుండు గానీ పగులు గానీ ఉంటే అది పూర్తిగా మానాకే ఓడ ఎక్కాలి. టికెట్ డబ్బు కట్టకముందే ఆ రిపోర్టు చేతిలో ఉండేలా చూసుకోండి.