ఒకే ఆట, రెండు ఫోల్డర్లు

ప్రశ్న: 2002లో విడుదలైన మోరోవిండ్ ఆటను డిస్కు నుంచి విండోస్ 10 కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నాను. మోడ్‌ల కోసం (ఆటను మార్చడానికి అభిమానులు చేసిన చేర్పులు) నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆట సెట్టింగులుండే మోరోవిండ్.ఐఎన్ఐ ఫైలును మార్చి సేవ్ చేశాను, కానీ ఆట ఆ మార్పులను అసలు పట్టించుకోవడం లేదు. ఆటను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే మోడ్‌లు పనిచేస్తున్నాయి గానీ, నేను దాచుకున్న సేవ్‌లు ఒక్కటీ కనిపించడం లేదు. అవి చెరిగిపోయినట్టేనా?

జవాబు: చెరిగిపోలేదు. మీ కంప్యూటర్‌లో ఈ ఆటకు ఇప్పుడు రెండు ఫోల్డర్లు ఉన్నాయి. మామూలుగా నడిపినప్పుడు ఆట ఒకదానిని, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినప్పుడు మరొకదానిని చూస్తోంది.

ఈ ఆట తయారైన రోజుల్లో సేవ్‌లను, సెట్టింగులను ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనే రాసుకోవడం మామూలు విషయం. తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో అనుమతి లేకుండా ఏ ప్రోగ్రామూ రాయడానికి వీల్లేకుండా పోయింది. అయితే ఈ కట్టడి వల్ల పాత 32 బిట్ ప్రోగ్రాములు ఆగిపోకూడదని, అవి అక్కడ రాయబోయిన ఫైళ్లను విండోస్ చడీచప్పుడు లేకుండా మీ యూజర్ ఖాతాలోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. అదే ఫైలు రెండుచోట్లా ఉంటే, మామూలుగా నడుస్తున్న ఆటకు వర్చువల్‌స్టోర్‌లోని నకలునే చూపిస్తుంది. మీరు నోట్‌ప్యాడ్‌లో మార్చింది అసలు ఫైలును; ఆట చదువుతున్నది నకలును. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఈ మళ్లింపు ఉండదు కాబట్టి మీ మార్పులు అమలయ్యాయి, నకలు వైపు ఉన్న సేవ్‌లు మాత్రం కనుమరుగయ్యాయి.

ముందు సేవ్‌లను వెతికి పట్టుకోండి. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో లోకల్‌యాప్‌డేటా అనే మాటను ఇంగ్లీషు అక్షరాలతో, ఖాళీ లేకుండా, ముందొకటి వెనుకొకటి శాతం గుర్తు పెట్టి టైప్ చేయండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో వర్చువల్‌స్టోర్, దానిలో ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86, ఇంకా లోపలికి వెళ్తే ఆట ఫోల్డర్, అందులో సేవ్స్ కనిపిస్తాయి. ఆ సేవ్స్ ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకున్నాకే మిగతా పనికి దిగండి.

ఎప్పుడూ అడ్మినిస్ట్రేటర్‌గానే నడిపితే సరిపోతుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. ఒక్కరోజు మరిచిపోయి మామూలుగా నడిపితే మళ్లీ రెండు కాపురాలు మొదలవుతాయి. పైగా ఎవరో తయారుచేసిన మోడ్ పరికరాలన్నిటికీ, అంటే మోడ్‌లను అమర్చే ప్రోగ్రాములకు, కంప్యూటర్ మీద పూర్తి అధికారం అప్పగించే అలవాటు మంచిది కాదు. ఆటను అన్‌ఇన్‌స్టాల్ చేసి, సి డ్రైవ్‌లోనే గేమ్స్ అనే కొత్త ఫోల్డర్ సృష్టించి అందులో తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే శాశ్వత పరిష్కారం. పాత ఫోల్డర్‌ను అలాగే లాగి కొత్తచోట పడేస్తే పని జరిగినట్టు కనిపిస్తుంది గానీ, ఆట ఎక్కడుందో చెప్పే దారి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోటు) పాతదే ఉండిపోతుంది. దానిని నమ్ముకున్న మోడ్ పరికరాలు ఖాళీ ఫోల్డర్‌లో వెతుకుతాయి. ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ అనుబంధాలు మీ దగ్గర ఉంటే వాటిని మోడ్‌లకంటే ముందే ఎక్కించండి. ఒకసారి ఆటను నడిపి చూసి, ఆ తర్వాత సేవ్‌లను కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. పాత ఐఎన్ఐ ఫైలును మాత్రం తేవద్దు. కొత్తదానిలోనే మార్పులు మళ్లీ చేసుకోండి.

ఇక మోడ్‌లను ఎక్కించేటప్పుడు జిప్ ఫైలును నేరుగా ఆట ఫోల్డర్‌లోని డేటా ఫైల్స్ ఫోల్డర్‌లోకి విప్పకుండా, వేరేచోట విప్పి లోపల ఏముందో చూడండి. చాలా జిప్‌లలో మోడ్ పేరుతో ఒక ఫోల్డర్, దానిలో ఇంకో డేటా ఫైల్స్, ఆ లోపల టెక్స్చర్స్ (వస్తువుల పైపూత బొమ్మలు), మెషెస్ (వస్తువుల ఆకారాలు) ఉంటాయి. పై రెండు పొరలనూ వదిలేసి, టెక్స్చర్స్, మెషెస్ ఫోల్డర్లతో పాటు మోడ్ అసలు ఫైలైన ఈఎస్‌పీ కూడా ఆట తాలూకు డేటా ఫైల్స్‌లో నేరుగా కూర్చునేలా పెట్టాలి. ఈఎస్‌పీ తప్పుచోట ఉంటే ఆటను మొదలుపెట్టే లాంచర్ జాబితాలో ఆ మోడ్ పేరే కనిపించదు. మెషెస్ తప్పుచోట ఉంటే ఆటలో వస్తువు ఉండవలసిన స్థానంలో పసుపురంగు ఆశ్చర్యార్థక గుర్తు నిలబడుతుంది. టెక్స్చర్లు తప్పుచోట ఉంటే పాత రూపమే కొనసాగవచ్చు, ఏ హెచ్చరికా రాకపోవచ్చు కాబట్టి పట్టుకోవడం కష్టం.

అన్నీ సరైన చోటే ఉన్నా కొత్త టెక్స్చర్ కనిపించకపోతే ఫైలు తేదీని చూడండి. ఈ ఆట బీఎస్ఏ ఆర్కైవ్ (ఆట ఫైళ్లను ఒకచోట కట్టగట్టిన పెద్ద ఫైలు) తేదీని, విడిగా ఉన్న ఫైలు తేదీని పోల్చి, ఏది కొత్తదైతే దానినే వాడుకుంటుంది. ఏళ్ల క్రితం తయారైన టెక్స్చర్ కంటే మీ బీఎస్ఏ తేదీ తర్వాతిదైతే మోడ్ ఓడిపోతుంది. అప్పుడు వ్రై మ్యాష్ వంటి మోడ్ పరికరంతో బీఎస్ఏ తేదీలను వెనక్కి జరపాలి.